మహిళా జైళ్లలో సిబ్బంది లైంగిక వేధింపులు: కెమెరాలు, మహిళా సిబ్బంది ఉంటే సరిపోదా?

నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఇన్ని చట్టాలు ఉన్నా మహిళా జైళ్లలో సిబ్బందే ఖైదీలను లైంగికంగా వేధించిన ఘటనలు మళ్లీ మళ్లీ ఎందుకు బయటపడుతున్నాయి? అందరూ మహిళా సిబ్బందే ఉండి, అంతటా కెమెరాలు బిగిస్తే ఆగిపోవా? నేను న్యాయ సహాయం తరఫున, తనిఖీ బృందాలతో కలిసి చాలా ఏళ్లుగా మహిళా జైళ్లకు వెళ్తున్నాను. జైలు సిబ్బందికి శిక్షణ తరగతులు కూడా చెప్పాను. కెమెరాలు కావాలి, మహిళా సిబ్బంది కావాలి, అందులో అనుమానం లేదు. కానీ ఒక జైలు ఎంత భద్రంగా ఉందో తెలుసుకోవడానికి నేను మొదట అడిగేది వాటి గురించి కాదు. ఇక్కడ చివరిసారి ఫిర్యాదు చేసిన ఖైదీ ఎవరు, ఆ తర్వాత మూడు నెలల్లో ఆమెకు ఏం జరిగింది? ఆమె చేస్తున్న పని ఉందా పోయిందా, బ్యారక్ మార్చారా, ములాఖత్‌లు సరిగ్గా జరిగాయా, రెమిషన్ (శిక్షలో తగ్గింపు) రోజుల్లో కోత పడిందా? ఆమెకు నష్టం జరగలేదంటే మిగతావాళ్లు కూడా నోరు విప్పుతారు. ఏ చిన్న నష్టం జరిగినా సాయంత్రానికల్లా జైలంతా తెలిసిపోతుంది. ఇక ఎన్ని పోస్టర్లు అంటించినా, ఎన్ని హెల్ప్‌లైన్ నంబర్లు గోడమీద రాసినా ఎవరూ ముందుకు రారు.

ఇది అసలు ఎలా మొదలవుతుందో తెలిస్తేనే నేనెందుకు ఇలా అంటున్నానో అర్థమవుతుంది. ఈ మాట వినగానే చాలామందికి చీకటి గది, బలప్రయోగం గుర్తొస్తాయి. అలాంటివీ జరుగుతాయి. కానీ ఎక్కువ కేసుల్లో మొదలు ఒక చిన్న సాయంతో ఉంటుంది. బయట మనం లెక్కలోకే తీసుకోని వస్తువులు లోపల ఎవరో ఒకరు ఇస్తేనే దొరుకుతాయి. సబ్బు, శానిటరీ ప్యాడ్లు, ఇంకో ఐదు నిమిషాల ఫోన్ కాల్, పిల్లల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం త్వరగా చేతికి రావడం, కుట్టు మిషన్ల దగ్గర పని, డాక్టర్ దగ్గరికి పంపడం, సత్ప్రవర్తన రిపోర్టులో ఒక మంచి వాక్యం. ఇవన్నీ ఒకే మనిషి ఇష్టాయిష్టాల మీద నడిచే చోట ఆ మనిషికి ఆయుధం అవసరం లేదు. మొదట అడగకుండానే ఒక కాల్ ఎక్కువ ఇప్పిస్తాడు. తర్వాత ఆమె కేసు గురించి, ఇంటి గురించి అడుగుతాడు. ఇంకొన్ని రోజులకు నిబంధనలకు విరుద్ధంగా ఏదో ఒక వస్తువు తెచ్చిస్తాడు. ఆమె తీసుకుంటే ఇక ఇద్దరి మధ్యా ఒక రహస్యం ఉన్నట్టే. అది బయటపడితే శిక్ష పడేది తనకేనని ఆమెకు తెలుసు. అతను అడగాల్సింది ఆ తర్వాత అడుగుతాడు.

జైలుకొచ్చిన ఆడవాళ్లలో చాలామంది అంతకు ముందే ఇంట్లోనో బయటో హింస చూసినవాళ్లు. మహిళా ఖైదీల విషయంలో పాటించాల్సినవిగా ఐక్యరాజ్యసమితి 2010 డిసెంబరులో ఆమోదించిన 70 నియమాలు ఉన్నాయి. బ్యాంకాక్ నియమాలు అంటారు. జైలుకు రాకముందు జరిగిన హింస గురించి కూడా చేరిక సమయంలోనే తెలుసుకోవాలని, సాయం అందించాలని అవి చెప్తాయి. ఎందుకంటే దెబ్బలు తిని ఊరుకోవడం అలవాటైన మనిషికి ఎదుటివాడు హద్దు దాటుతున్నాడని గుర్తించడమే కష్టం. గుర్తించినా ‘నా ఖర్మ’ అనుకుంటుంది. నేను మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది మొదటి మాటగా అన్నది, ‘తప్పు నాదే మేడం, నేనే ఆ కాల్ తీసుకున్నాను’ అని.

అందుకే ‘ఆమె ఒప్పుకుంది కదా’ అనే వాదనకు జైల్లో చోటు ఉండకూడదు. తాళం అతని చేతిలో ఉంది, ఆమె లోపల ఉంది. కాదంటే ఏం పోతుందో ఆమెకు తెలుసు. అలాంటప్పుడు ఒప్పుకోవడానికి అర్థం లేదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సిబ్బంది ఖైదీతో లైంగిక సంబంధం పెట్టుకోవడమే నేరం. ఆమె ఇష్టపడిందన్న వాదన చెల్లదు. మన దేశంలో ఈ ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 1972లో మహారాష్ట్రలో ఒక పోలీస్ స్టేషన్‌లో మధుర అనే గిరిజన బాలిక మీద అత్యాచారం జరిగిన కేసులో 1978లో సుప్రీంకోర్టు నిందితులైన పోలీసులను విడిచిపెట్టింది. దేశమంతా ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. ఆ ఒత్తిడితోనే 1983లో చట్టం మారి, కస్టడీలో జరిగే అత్యాచారానికి ప్రత్యేకంగా శిక్షలు వచ్చాయి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 64(2) కింద జైలు సిబ్బంది ఖైదీపై అత్యాచారం చేస్తే శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, జీవితాంతం జైలు కూడా పడొచ్చు. సంబంధం జరిగినట్టు రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెప్తే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. అత్యాచారం కిందికి రాకపోయినా, పదవిని అడ్డం పెట్టుకుని లొంగదీసుకుంటే సెక్షన్ 68 ఉంది, 5 నుంచి 10 ఏళ్లు. సిబ్బంది శిక్షణ తరగతుల్లో నేను ఈ సెక్షన్ 68 మీదే ఎక్కువసేపు ఆగుతాను. ‘ప్రేమించుకున్నారు సార్’ అని చెప్పే కేసుల్లో చాలా వరకు పనికొచ్చేది అదే.

చట్టం అంత గట్టిగా ఉంటే మరి ఆపేదేమిటి? ఫిర్యాదు వెళ్లే దారి. ఒక జైల్లో చూసింది చెప్తాను. ఫిర్యాదుల పెట్టె ఉంది, కొత్తగా ఎర్ర రంగు వేసి ఉంది, దాని మీద పెద్ద అక్షరాలు. పెట్టినచోటు జైలర్ గది గుమ్మం పక్కన. తాళం చెవి జైలర్ సొరుగులో. కాగితం, పెన్ను కావాలంటే డ్యూటీలో ఉన్న వార్డర్‌ని అడగాలి, ఎందుకని ఆమె అడుగుతుంది. చదువు రానివాళ్లు ఇంకొకరితో రాయించుకోవాలి, రాసిపెట్టేది ఎక్కువగా సిబ్బందికి దగ్గరగా మసలే పాత ఖైదీ. పెట్టె తెరిచిన రిజిస్టర్ చూపించమంటే చూపించారు. నెలల తరబడి ‘నిల్’ అనే ఉంది. ‘మా దగ్గర అలాంటి సమస్యలు లేవు’ అని చూపించడానికి ఆ రిజిస్టరే వాళ్లకు సాక్ష్యం. నాకైతే వందల మంది ఉన్న చోట నెలల తరబడి ఒక్క ఫిర్యాదూ లేకపోవడమే మొదటి ప్రమాద సూచన.

సరైన దారి ఎలా ఉండాలంటే, మాటతో చెప్పినా చెల్లాలి, రాసే అవసరం ఉండకూడదు. జైలు శాఖకు సంబంధం లేని ఎవరో ఒకరికి నేరుగా చేరాలి, మధ్యలో ఎవరూ విప్పకూడదు, వినకూడదు. తోటి ఖైదీ చెప్పినా, తల్లి చెప్పినా, పేరు చెప్పకుండా ఎవరు చెప్పినా తీసుకోవాలి. గడువు ఉండకూడదు. విడుదలైన రెండేళ్లకు ధైర్యం వచ్చి చెప్పేవాళ్లు ఉంటారు. అమెరికాలో జైలు అత్యాచారాల నిర్మూలన చట్టం 2003లో వస్తే, దాని కింద ప్రమాణాలు 2012లో వచ్చాయి. బయటి సంస్థకు చెప్పుకునే దారి ఉండాలని, లైంగిక వేధింపుల ఫిర్యాదుకు కాలపరిమితి పెట్టకూడదని అందులో ఉంది.

మేము తనిఖీకి వెళ్లినప్పుడు ఒక పద్ధతి గట్టిగా పాటిస్తాం. అనుమానం ఉన్న ఒకరిద్దరిని మాత్రమే పిలిచి మాట్లాడం. ఒక బ్యారక్‌లో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా పిలుస్తాం, అందరితో దాదాపు ఒకే సమయం గడుపుతాం. చెప్పడానికి ఏమీ లేదని ఒకామె మొదటి నిమిషంలోనే అన్నా, ఆమెను వెంటనే పంపించం. ఊరూ పిల్లలూ అడుగుతూ కూర్చోబెడతాం. లేకపోతే ఎవరు ఎక్కువసేపు మాట్లాడారో గుమ్మం బయట నిలబడ్డ వార్డర్ లెక్కపెట్టుకుంటుంది, మేము గేటు దాటగానే ఆ మనిషికి ప్రశ్నలు మొదలవుతాయి. అధికారులు మాకు గాజు తలుపుల గది ఇస్తే వద్దంటాం, సిబ్బంది చూపు పడని చోటే కావాలంటాం. అంతా అయ్యాక మళ్లీ ఎప్పుడొస్తామో సిబ్బందికి చెప్పం, మళ్లీ వస్తామని మాత్రం ఖైదీలకు చెప్తాం, వస్తాం కూడా.

ఇక ప్రతీకారం. ఫిర్యాదు చేసిన ఆమెను ‘మీ రక్షణ కోసమే’ అని ఒంటరి సెల్‌లో పెట్టడం చాలా దేశాల్లో కనిపించే అలవాటు. పని పోతుంది, తోటివాళ్లు దూరమవుతారు, ఫోన్ ఉండదు, రోజంతా నాలుగు గోడలు. తప్పు చేసినవాడికి మాత్రం వేరే బ్లాకులో డ్యూటీ, అదే జీతం. చూసేవాళ్లకు శిక్ష ఎవరికి పడినట్టు? అమెరికాలో అలబామా రాష్ట్రంలోని టట్‌వైలర్ మహిళా జైలు మీద అక్కడి న్యాయశాఖ 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో, సిబ్బంది లైంగిక దాడులు దాదాపు రెండు దశాబ్దాలుగా సాగుతున్నాయని, ప్రతీకార భయంతో ఖైదీలు చెప్పలేకపోతున్నారని ఉంది. అన్నేళ్లు సాగిందంటే ఎంతమంది సిబ్బంది చూసి తల తిప్పుకుని ఉంటారో ఆలోచించండి.

ఇంతకంటే ఘోరమైనది కాలిఫోర్నియాలోని డబ్లిన్ ఫెడరల్ మహిళా జైలు. అక్కడ జైలు అధిపతి అయిన వార్డెనే ఖైదీల మీద లైంగిక దాడులు చేశాడని 2022 డిసెంబరులో రుజువైంది. 2023 మార్చిలో 70 నెలల శిక్ష పడింది. పైన చెప్పిన జైలు అత్యాచారాల నిర్మూలన చట్టం గురించి అక్కడ శిక్షణ ఇప్పించే బాధ్యత కూడా ఒకప్పుడు అతనిదే. ఆ జైలు మత బోధకుడికి 7 ఏళ్లు పడింది. మనసులోని బాధ చెప్పుకోవడానికి ఆడవాళ్లు వెళ్లేది ఆయన దగ్గరికే. నియమాలు కాగితం మీద అన్నీ ఉన్నాయి, తనిఖీలూ జరిగాయి, కానీ ఫిర్యాదు ఎటు వెళ్లినా చివరికి చేరేది ఆ మనుషుల చేతికే.

కాబట్టి ఫిర్యాదు అందిన రోజే కదలాల్సింది సిబ్బంది. విచారణ తేలేదాకా ఆ ఉద్యోగి ఖైదీలు ఉండే ప్రాంగణంలో అడుగుపెట్టకూడదు, వేరే బ్లాకుకి మార్చడం సరిపోదు. ఆమె ఉన్నచోటే ఉంటుంది. వేరే చోటికి వెళ్తానని తనే అడిగితే, ఆ కొత్త చోట కూడా పని, తరగతులు, ములాఖత్‌లు పాతవాటికి తగ్గకుండా ఉండాలి. కనీసం 90 రోజులు ఆమె విషయంలో ప్రతి చిన్న నిర్ణయాన్నీ బయటివాళ్లు ఒకరు చూస్తుండాలి. 90 రోజుల నిఘా అమెరికా ప్రమాణాల్లోనూ ఉంది, కాకపోతే అక్కడ ఆ పని జైలు యంత్రాంగానిదే. ఆ రోజుల్లో ఆమె మీద కొత్తగా క్రమశిక్షణ కేసు పెట్టాలంటే పైఅధికారి రాతపూర్వక కారణం ఇవ్వాలి. ఫిర్యాదు తర్వాత హఠాత్తుగా ఆమె పరుపు కింద ఏదో ‘దొరకడం’ మనకు కొత్త కాదు.

కెమెరాల విషయానికి వస్తే, అవి ఎక్కడ ఉన్నాయన్నదాని కంటే ఎక్కడ లేవన్నది నాకు ముఖ్యం. స్టోర్ రూమ్, బట్టలుతికే చోటు, మందుల గది, మెట్ల మలుపు, ఆస్పత్రికి తీసుకెళ్లే వ్యాను. అక్కడ ఖైదీ, ఉద్యోగి ఇద్దరే ఉండే అవకాశం లేకుండా చూడాలి. అలాగని స్నానాల గదులు, దుస్తులు మార్చుకునే చోట్లు కనిపించేలా కెమెరా పెడితే అదే ఇంకో వేధింపు అవుతుంది. ఫుటేజీ ఎన్ని రోజులు ఉంటుందో కనుక్కోండి. చాలా చోట్ల కొన్ని వారాలకే పాతది చెరిగిపోతుంది, ఫిర్యాదు మాత్రం నెలల తర్వాత వస్తుంది.

నాకు కెమెరా కన్నా ఎక్కువ చెప్పింది డ్యూటీ చార్టు. ఒకసారి మూడు నెలల చార్టు, డ్యూటీ మార్పుల కాగితాలు, తాళాల రిజిస్టర్ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఒక ఉద్యోగి తనకు రాని రాత్రి డ్యూటీని వేరేవాళ్ల దగ్గర అడిగి మరీ తీసుకుంటున్నాడు, ప్రతిసారీ ఒకే బ్లాకు. ఆ రాత్రుల్లోనే స్టోర్ తాళం బయటికి వెళ్లినట్టు రాసి ఉంది. రాత్రిపూట స్టోర్‌తో ఏం పని? ఎవరూ అడగలేదు. ఆ మూడు పుస్తకాలూ మూడు వేర్వేరు సొరుగుల్లో ఉన్నాయి కాబట్టి ఎవరి కంటా పడలేదు. నెలకోసారి ఒక అధికారి ఈ మూడింటినీ కలిపి చూడాలనే ఒక్క ఆదేశం ఇస్తే ఖర్చు ఏమీ ఉండదు.

మహిళా సిబ్బంది తప్పనిసరి. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 81వది, మహిళా ఖైదీల పర్యవేక్షణ మహిళలదే అయి ఉండాలని, మగ ఉద్యోగి లోపలికి వెళ్లాలంటే మహిళా ఉద్యోగి తోడు ఉండాలని చెప్తుంది. మన జైలు మాన్యువళ్లలోనూ ఇలాంటి నియమం ఉంది. అయితే మామూలు రోజుల్లో పాటించే నియమం గొడవ జరిగిన రోజున గాలికి పోతుంది. కెనడాలో కింగ్‌స్టన్ మహిళా జైల్లో 1994 ఏప్రిల్‌లో ఘర్షణ తర్వాత మగవాళ్ల అత్యవసర దళాన్ని పంపారు. వాళ్లు ఆడవాళ్ల బట్టలు విప్పించి సోదా చేశారు, అదంతా వీడియో తీశారు. ఆ వీడియో టీవీలో వచ్చాక గానీ దేశం కదల్లేదు. విచారణ జరిపిన జడ్జి లూయీస్ ఆర్బర్ 1996లో ఇచ్చిన నివేదిక జైలు యంత్రాంగాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సిబ్బంది తక్కువైన రోజు, అల్లర్ల రోజు, పండగ సెలవుల రోజు ఈ నియమం ఎవరు, ఎలా నిలబెడతారో ముందే రాసి ఉండాలి. ఇంకో మాట. వేధించే మహిళా సిబ్బంది కూడా ఉంటారు. తాము చేయకపోయినా మగ ఉద్యోగి కోసం తలుపు తీసి, గుమ్మం దగ్గర కాపలా నిలబడేవాళ్లూ ఉంటారు. పైవాడు చెప్తే కాదనలేని కింది ఉద్యోగి ఆమె. ఆమె ఫిర్యాదు చేసినా ఉద్యోగం పోదనే భరోసా ఆమెకూ కావాలి.

కేసు నిలబడటం, పోవడం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే తేలుతుంది. ఆమె స్నానం చేయకముందే, బట్టలు ఉతకకముందే పరీక్ష జరగాలి, అదీ జైలు డాక్టర్ చేత కాకుండా బయటి ఆస్పత్రిలో. బట్టలు కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్‌లో వద్దు, తడి పట్టి పాడవుతాయి. ఆలస్యమైపోయినా నిరాశ వద్దు. ఫుటేజీ, ఫోన్ రికార్డులు, తాళాల రిజిస్టర్, డ్యూటీ చార్టు భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా అడగాలి. దర్యాప్తు చేసేది అదే జైలు అధికారులు కాకూడదు. మన దేశంలో కస్టడీలో అత్యాచారం జరిగిందనే ఆరోపణ వస్తే పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేట్ విచారణ కూడా జరగాలి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) సెక్షన్ 196 చూడండి. ఇది అడిగేవాళ్లు లేకపోతే జరగదు. శాఖాపరమైన విచారణలో ఎక్కువగా కనిపించే మలుపు రాజీనామా. ఉద్యోగి రాజీనామా చేస్తాడు, ఫైలు మూస్తారు, ఏడాదికి ఇంకో చోట సెక్యూరిటీ ఉద్యోగంలో చేరతాడు. రాజీనామా చేసినా, ఆమె విడుదలైపోయినా విచారణ ముగిసేదాకా సాగాలి, ఫలితం అతని సర్వీసు రికార్డులో ఉండాలి.

తప్పుడు ఫిర్యాదుల సంగతేమిటని ప్రతి శిక్షణలోనూ అడుగుతారు. రుజువు కాకపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. రుజువు కాలేదని ఆమెకు శిక్ష వేస్తే తర్వాతి పదిమంది నోరు మూసుకుంటారు. నిజాయితీగా పనిచేసే ఉద్యోగిని కాపాడేది కూడా సరైన రికార్డులు, ఇద్దరేసి డ్యూటీలు, బయటివాళ్ల దర్యాప్తే.

అంతా బయటపడ్డాక కూడా నష్టం ఆడవాళ్లకే జరగొచ్చు. డబ్లిన్ జైలును 2024 ఏప్రిల్‌లో హఠాత్తుగా మూసేస్తే, అక్కడి ఆడవాళ్లను దేశంలో ఎక్కడెక్కడి జైళ్లకో తరలించారు. పిల్లలకు, లాయర్లకు దూరమయ్యారు. పరిహారం డిసెంబరులో తేలింది. 103 మందికి కలిపి దాదాపు 116 మిలియన్ డాలర్లు. మిషిగన్ రాష్ట్రంలో 1996లో వేసిన దావా 2009లో 100 మిలియన్ డాలర్ల రాజీతో ముగిసింది, 500 మందికి పైగా మహిళలకు. 13 ఏళ్లు పట్టింది. డబ్బు రావాల్సిందే, కానీ కౌన్సెలింగ్, గర్భం వస్తే ఆమె కోరిన వైద్యం, పరీక్షలు, ఇవన్నీ తీర్పు కోసం ఆగకుండా ముందే అందాలి. ఆమె అనుమతి లేకుండా ఇంటివాళ్లకు కూడా విషయం చెప్పకూడదు.

చివరగా, మీ ఇంటి ఆడమనిషి జైల్లో ఉండి ఇలాంటిదేదో సూచనగా చెప్తే ఏం చేయాలి? ములాఖత్‌లో, ఫోన్‌లో వివరాలు గుచ్చి గుచ్చి అడగకండి, వింటూ ఉంటారు. ‘లాయర్ని పంపిస్తాను, ఆమెతో మాట్లాడు’ అని మాత్రం చెప్పండి. ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళా లాయర్ కావాలని అడగండి. ఆమె ఏ రోజు ఏం చెప్పిందో తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి, ఆమె మాటల్లోనే. ఫిర్యాదు చేయాలా వద్దా అనేది ఆమె నిర్ణయం, తొందరపెట్టకండి. ములాఖత్‌లు మాత్రం ఒక్కటి కూడా మానకండి, వీలైతే ఇంకా తరచుగా వెళ్లండి. ఎవరూ రాని ఖైదీ ఎవరో సిబ్బందికి బాగా తెలుసు. వెళ్లిన ప్రతిసారీ ఆమె పని మారిందా, బ్యారక్ మారిందా అని అడిగి అది కూడా ఆ పుస్తకంలో రాయండి. లాయర్ మొదట అడిగేది అదే.